వెండి నాణెంపై డ్రాగన్: లోహానికో ధర, కథకో ధర

పశ్చిమ ఆస్ట్రేలియా రాజధాని పెర్త్‌లోని టంకశాల 2017లో విడుదల చేసిన ఒక వెండి నాణేన్ని చేతిలోకి తీసుకుంటే, బొమ్మ వైపు బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్ ముఖం కనిపిస్తుంది. బొరుసు వైపు తిప్పితే, మంటలు చిమ్మే ఒక ముత్యం చుట్టూ పొలుసుల ఒంటితో మెలికలు తిరిగిన డ్రాగనూ, పొడవాటి తోక ఈకలు విప్పిన ఫీనిక్స్ పక్షీ ఎగురుతుంటాయి. దాని మీద చెక్కిన విలువ ఒక ఆస్ట్రేలియా డాలరు. అందులోని వెండి మాత్రం ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాముల పైచిలుకు. చైనా పురాణం, ఆస్ట్రేలియా చట్టం, బ్రిటన్ రాజముద్ర ఒకే బిళ్లపై కలిసిన ఇటువంటి నాణేలను కొని దాచేవారు నేడు సింగపూరు నుంచి షికాగో వరకు ఉన్నారు, విదేశాల్లో స్థిరపడిన తెలుగువారిలోనూ ఆ ఆసక్తి కనిపిస్తున్నది. ఈ నాణేనికి రెండు ధరలున్నాయన్న సంగతి మొదట గ్రహించవలసినది: లోహం ధరను ప్రపంచ విపణి నిర్ణయిస్తుంది, కథ ధర ఆ కథను ఎరిగి ప్రేమించేవారు ఉన్నచోట మాత్రమే పలుకుతుంది.

విలువైన లోహాన్ని నిల్వచేసుకోవడానికి వీలుగా నిర్దిష్టమైన బరువుతో, స్వచ్ఛతతో ముద్రించి, ఆనాటి లోహపు ధరకు కొంత అదనం కలిపి అమ్మే నాణేన్ని బులియన్ నాణెం అంటారు. అద్దంలా మెరిసే నేలమీద బొమ్మను మంచుపొర వంటి తెలుపుతో నిలబెట్టి, పెట్టెలో పెట్టి, ధ్రువపత్రంతో సేకర్తలకు అమ్మే ప్రూఫ్ నాణెం దీనికి భిన్నమైనది. దాని ధరలో పనితనానిదే పెద్ద వాటా. అప్పటికప్పుడు చేతికందే వెండికి అంతర్జాతీయ విపణిలో పలికే ధరను స్పాట్ ధర అనీ, దానిపై నాణేనికి చెల్లించే అదనాన్ని ప్రీమియం అనీ వ్యవహరిస్తారు. పురాణ చిత్రాల బులియన్ నాణేలు ఈ రెండు రకాలకూ మధ్యస్థంగా నిలుస్తాయి: అమ్మేది వెండిగానే అయినా బొమ్మ ఏటా మారుతుంది, ముద్రణకు ముందే గరిష్ఠ సంఖ్య ప్రకటితమవుతుంది, ఆ సంఖ్య ముగిశాక అచ్చు ఆగిపోతుంది.

పెర్త్ టంకశాల 1899లో లండన్ రాయల్ మింట్ శాఖగా, పశ్చిమ ఆస్ట్రేలియా గనుల బంగారాన్ని సావరిన్ నాణేలుగా మార్చడానికి ప్రారంభమై, 1970లో ఆ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. చైనా పంచాంగంలోని పన్నెండు జంతువుల వరసను అది 1996లో బంగారంపై, 1999లో కుందేలు సంవత్సరంతో వెండిపై మొదలుపెట్టింది. రెండో ఆవృత్తి 2008 నుంచి 2019 వరకు సాగగా, మూడో ఆవృత్తి 2020లో ఎలుకతో మొదలైంది. ఆ ఆదరణే పునాదిగా చైనా పురాణాలు, ఐతిహ్యాలు అనే వేరొక శ్రేణి రూపుదిద్దుకొని, డ్రాగన్–ఫీనిక్స్ తరువాత డ్రాగన్–పులి, రెండు డ్రాగన్లు, జంట పిషియూ మృగాల వంటి జతలను అందించింది. బొమ్మ వైపు వచ్చిన మార్పులు కూడా సేకర్తకు కాలసూచికలే. 2018 వరకు ఇయాన్ ర్యాంక్-బ్రాడ్లీ చెక్కిన రాణి ముఖం, 2019 నుంచి జోడీ క్లార్క్ చెక్కిన ముఖం ఉంటాయి. రాణి మరణానంతరం 2023 నాణేలపై అదే ముఖానికి ఆమె పాలించిన 1952–2022 సంవత్సరాలను జోడించారు. ఆ పైన డాన్ థోర్న్ రూపొందించిన చార్లెస్ రాజు ముఖం వచ్చింది. అందువల్ల బొరుసు ఒకే రకంగా ఉన్నా బొమ్మను బట్టి ఏ కాలపు నాణెమో చెప్పవచ్చు.

వెండితో చైనాకు ఉన్న బంధం ఈ నాణేలకన్నా చాలా పాతది, చాలా బాధాకరమైనది కూడా. మింగ్ వంశపు పాలకులు పదహారో శతాబ్దంలో పన్నులను వెండిలో వసూలు చేయడం మొదలుపెట్టిన తరువాత, దక్షిణ అమెరికాలోని పొటోసీ గనుల వెండి మనీలా ఓడరేవు మీదుగా చైనా పట్టుకూ పింగాణీకీ బదులుగా ప్రవహించింది. అయితే రాజ్యం వెండి నాణేలను విరివిగా ముద్రించలేదు. పడవ ఆకారపు కడ్డీలను తూకం వేసి చెల్లింపులు జరిపేవారు, విదేశీ డాలర్లు చేతులు మారినప్పుడల్లా షరాబులు వాటిపై తమ ముద్రలు కొట్టేవారు. మెక్సికో డాలర్లు దేశమంతా చెలామణి కావడాన్ని అవమానంగా భావించిన గ్వాంగ్‌డాంగ్ రాజప్రతినిధి ఝాంగ్ ఝిడాంగ్, బర్మింగ్‌హామ్‌లోని హీటన్ కంపెనీ నుంచి యంత్రాలు తెప్పించి 1889లో గ్వాంగ్‌ఝౌ టంకశాలను నెలకొల్పాడు. అక్కడ అచ్చయిన డ్రాగన్ డాలరే చైనాలో ఆధునిక యంత్ర నాణేల పరంపరకు ఆద్యం. ఆ తరువాతి కాలంలో ఇతర రాష్ట్రాలూ తమ తమ డ్రాగన్లను ముద్రించాయి. 1911 విప్లవంతో చక్రవర్తి పోయినా పురాణం నాణేన్ని వదలలేదు. సుప్రసిద్ధ రచయిత లూ షున్, మరి ఇద్దరు మిత్రులు కలిసి 1912లో రూపొందించిన పన్నెండు చిహ్నాల జాతీయ లాంఛనాన్ని, అందులోని డ్రాగన్ ఫీనిక్స్ జంటతో సహా, తియాన్‌జిన్ టంకశాల 1923లో ఒక వెండి డాలరుపై చెక్కింది.

ఈ పరంపరకు అడ్డుకట్ట బయటనుంచి పడింది. అమెరికా ప్రభుత్వం 1934లో వెండి కొనుగోలు చట్టం చేసి ధర పెంచగానే చైనా వెండి ఓడలకెక్కి వెళ్లిపోయింది, దేశంలో డబ్బుకు కరువు వచ్చింది, ధరలు పడిపోయి వ్యాపారాలు కుదేలయ్యాయి; చివరకు 1935 నవంబరులో చైనా వెండి ప్రమాణాన్ని విడిచి కాగితపు కరెన్సీకి మళ్లింది. చైనా ప్రభుత్వం తిరిగి 1982లో బంగారు పాండాను, మరుసటి ఏడాది వెండి పాండాను ముద్రించి ప్రపంచ విపణిలోకి వచ్చింది, 1990ల నడుమ ఛీలిన్ అనే పురాణమృగం బొమ్మతోనూ నాణేలు తెచ్చింది.

నాణేలపై కనిపించే జీవులేవీ కేవలం అలంకారాలు కావు. చైనా డ్రాగన్ పాశ్చాత్య కథల్లోని అగ్నిముఖ రాక్షసి కాదు. అది నీటికీ వానకూ మేఘానికీ అధిదేవత, రాజ్యానికి గుర్తు. ఐదు గోళ్ల డ్రాగన్‌ను వాడే అధికారం చక్రవర్తి సముఖానికే పరిమితమైన కాలాలున్నాయి కనుక, నాణెంపై డ్రాగన్ పాదాన్ని భూతద్దంతో చూసి గోళ్లు లెక్కపెట్టడం సేకర్తలకు ఒక అలవాటు. ఫెంగ్‌హువాంగ్ అనే పక్షిని పాశ్చాత్యులు ఫీనిక్స్ అన్నారు గాని, అది బూడిదలోంచి పుట్టేది కాదు. ధర్మం నిలిచిన రాజ్యంలోనే కనిపించే ఆ పక్షి మహారాణికి చిహ్నం, అందుకే డ్రాగన్ ఫీనిక్స్ జంట నేటికీ చైనా పెళ్లి పత్రికల మీద ఉంటుంది. ఈ తేడా తెలిసినవారికి ఆ నాణెం ఎవరికి కానుకగా పోతుందో, ఏ ముహూర్తాల్లో గిరాకీ పలుకుతుందో కూడా తెలుస్తుంది.

పిషియూ సంగతి మరీ ఆసక్తికరమైనది. సింహపు దేహమూ రెక్కలూ గల ఈ మృగం బంగారం, వెండి మాత్రమే తింటుందనీ, తిన్నది బయటకు పోయే దారి దాని శరీరంలో లేదనీ జనశ్రుతి. వచ్చిన ధనం ఇంట్లోనే నిలవాలని కోరుకునే వర్తకులు దాని ప్రతిమను గుమ్మం వైపు ముఖం పెట్టి ఉంచుతారు. వెండిని మింగే మృగాన్ని వెండిమీదే ముద్రించడంలోని ఔచిత్యం టంకశాల రూపకర్తలకు తట్టకుండా ఉండదు. ఛీలిన్ మహాపురుషుడు పుట్టబోయేముందు కనిపించే శాంతమూర్తి. ఈ ఐతిహ్యానికి భారత ఉపఖండంతో ఒక నిజమైన ముడి ఉంది: తూర్పు ఆఫ్రికా నుంచి బెంగాల్ సుల్తానుకు చేరిన ఒక జిరాఫీని ఆయన 1414లో మింగ్ చక్రవర్తి యోంగ్‌లెకు పంపగా, రాజసభ దాన్ని ఛీలిన్‌గా భావించి సంబరపడింది, పండితుడు షెన్ డూ స్తుతిపద్యం రాశాడు, ఆస్థాన చిత్రకారుడు బొమ్మ గీశాడు. బెంగాల్ రేవు మీదుగా వెళ్లిన ఒక జంతువు చైనా పురాణానికి ప్రాణం పోసిందన్నమాట.

దిక్కులను కాచే నాలుగు జీవులు, అంటే తూర్పున నీలి డ్రాగన్, దక్షిణాన సిందూరపు పక్షి, పడమట తెల్లపులి, ఉత్తరాన పాము చుట్టుకొన్న నల్లతాబేలు, నిజానికి ఆకాశ పటమే. చైనా జ్యోతిశ్శాస్త్రం చంద్రుడి మార్గాన్ని 28 మకాములుగా విభజించి, ఒక్కో దిక్కు జీవికి ఏడేసి చొప్పున పంచింది. 27 నక్షత్రాల పంచాంగాన్ని నిత్యం చూసే తెలుగు పాఠకులకు ఈ లెక్క పరాయిది కాదు. తెలుగు పంచాంగంలోని చిత్త చైనీయుల తూర్పు డ్రాగన్‌కు కొమ్ము, జ్యేష్ఠలోని ఎర్రని తార ఆ డ్రాగన్‌కు గుండె. ఒకే తారలను రెండు నాగరికతలు రెండు విధాలుగా చూశాయి. తెలుగు నేలతో ఇంకో సంబంధం కోతిరాజు సున్ వుకాంగ్ ద్వారా ఏర్పడింది. చైనా ప్రభుత్వ బ్యాంకు 2003 నుంచి మూడేళ్లపాటు వెలువరించిన స్మారక నాణేలకు ఆధారమైన పదహారో శతాబ్దపు నవల పశ్చిమ యాత్ర, ఏడో శతాబ్దపు యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ పయనం చుట్టూ అల్లినది. నవలలో కోతిరాజు రక్షణలో ప్రయాణించే ఆ భిక్షువు నిజజీవితంలో ఆంధ్రదేశానికి వచ్చి, కృష్ణాతీరాన ధాన్యకటకంలోని బౌద్ధ విహారాలను చూసి, వాటిలో చాలా భాగం పాడుబడి ఉన్నాయని రాశాడు. అమరావతి స్తూపం ఎరిగిన తెలుగువారు ఆ నాణేన్ని చూసే చూపు మిగతా ప్రపంచం చూపు కాదు.

కథ ఎంత గొప్పదైనా దాని ధర నిలవాలంటే నాణేల సంఖ్య అదుపులో ఉండాలి. వెండి పాండాల ముద్రణ 2009లో 6 లక్షలు. 2010లో 15 లక్షలు, 2011లో 60 లక్షలు, 2012లో 80 లక్షలకు చేరింది. ఆరు లక్షల నాణేలనాటి అరుదుతనం 80 లక్షల కాలంలో ఆశించడం అమాయకత్వం. పాండా బరువు కూడా 2016లో ఔన్సు నుంచి 30 గ్రాములకు తగ్గింది కనుక, పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే ధరకు పోల్చి కొనేవారు గ్రాము పైచిలుకు వెండిని కోల్పోతారు. పెర్త్ టంకశాల తన పంచాంగ శ్రేణి రెండో ఆవృత్తిలో ఔన్సు వెండి నాణేలకు 3 లక్షల పరిమితి పెట్టి నిలబడింది. అందులో 2012 డ్రాగన్ త్వరగా అమ్ముడై, నేటికీ తోటి జంతువులకన్నా ఎక్కువ ధర పలుకుతున్నది. కొనేముందు బొమ్మకన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఎన్ని ముద్రించారు, అంతకన్నా ముఖ్యంగా ఇంకెన్ని ముద్రించబోతున్నారు అన్నదే.

వెండి స్వభావమే ఒడిదొడుకులది. 1980 జనవరిలో అమెరికాకు చెందిన హంట్ సోదరులు విపణిలోని వెండిని గుత్తగా పోగుచేయడంతో ఔన్సు ధర 50 డాలర్ల దరిదాపులకు చేరి, మార్చి నెలాఖరుకు 11 డాలర్ల దిగువకు కూలింది. 2011 ఏప్రిల్‌లో మళ్లీ ఆ ఎత్తు అంచుకు వచ్చి జారింది, 2020 మార్చిలో 12 డాలర్లకన్నా తగ్గింది, 2025 అక్టోబరులో మాత్రమే 50 డాలర్లను నికరంగా దాటింది. 1980 శిఖరంపై కొన్నవారు అసలు మొత్తాన్ని డాలర్లలో తిరిగి చూడటానికి 45 సంవత్సరాలు పట్టిందంటే, ఆ మధ్యకాలపు ద్రవ్యోల్బణాన్ని లెక్కలోకి తీసుకోకుండానే ఆ నష్టం ఎంతటిదో ఊహించవచ్చు. వెండి వాడకంలో సగానికి పైగా సౌరఫలకాలు, ఎలక్ట్రానిక్ పరికరాల వంటి పరిశ్రమలది; తవ్వకంలో అధిక భాగం సీసం, జింకు, రాగి, బంగారం గనుల ఉపఫలంగా వస్తుంది. ధర పెరిగినంత మాత్రాన వెండి సరఫరా వెంటనే పెరగదు, పరిశ్రమలు మందగిస్తే గిరాకీ నిలవదు. ఈ రెండింటి మధ్య నలిగే లోహాన్ని నమ్మి ఇంటి పొదుపు మొత్తాన్ని దానిలో పెట్టడం తగదు.

నకిలీలు విరివిగా ఉన్నాయి, పాండాలలో మరీ ఎక్కువ. ఇంట్లో చేయదగిన పరీక్ష ఒకటుంది. వెండి సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.49 గ్రాములు; గాజు గ్లాసులో నీళ్లు పోసి, గ్రాములో వందో వంతు చూపగల తూకంపై పెట్టి, తూకాన్ని సున్నాకు తెచ్చి, సన్నని దారానికి కట్టిన నాణేన్ని అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో వేలాడదీస్తే, అసలైన ఔన్సు వెండి నాణేనికి తూకం సుమారు 2.97 గ్రాములు చూపాలి. నాణేన్ని విడిగా తూచినప్పుడు 31.1 గ్రాములు వచ్చి, నీటిలో 3.4 లేదా 3.5 చూపితే లోపల ఉన్నది రాగి వంటి తేలిక లోహమని అర్థం. నాణెం తడిసిన తరువాత రుద్దకుండా మెత్తని గుడ్డను అద్ది నీరు తీసివేయాలి. అయితే ప్లాస్టిక్ డబ్బీలో భద్రంగా ముద్రవేసి ఉన్న నాణేన్ని ఈ పరీక్ష కోసం విప్పకూడదు. అటువంటిదాన్ని నమ్మకమైన వర్తకుడి వద్ద కొనడమే రక్ష.

తెలుగు ఇళ్లలో పూజ వెండిని చింతపండుతోనో విభూతితోనో తోమి తళతళలాడించడం తరతరాల అలవాటు. నాణేనికి మాత్రం అది ప్రాణాంతకం. ఒక్కసారి తోమితే డ్రాగన్ పొలుసుల అంచులు అరిగి, సన్నని గీతలు పడి, సేకర్తల దృష్టిలో దాని విలువ లోహపు ధరకు పడిపోతుంది. గాలిలోని గంధకం తగిలి నల్లబారడం సహజ మార్పు, కొందరు దాన్ని ఇష్టపడి అదనం చెల్లిస్తారు కూడా. మిల్క్ స్పాట్ అని పిలిచే పాలచుక్కల్లాంటి తెల్లమచ్చలు అంతకన్నా పెద్ద తలనొప్పి. ముద్రణకు ముందు బిళ్లలను కడిగిన రసాయనాల శేషం వల్ల అవి ఏర్పడతాయని ఎక్కువమంది భావిస్తారు, టంకశాల నుంచి శుభ్రంగా వచ్చిన నాణెంపై నెలల తరువాత కూడా అవి తేలవచ్చు. మెత్తని పీవీసీ సంచుల్లో పెట్టిన నాణేలకు పచ్చటి జిడ్డు పడుతుంది కనుక, గట్టి అక్రిలిక్ క్యాప్సూల్‌లో, తేమ పీల్చే పొట్లంతో, అంచులు మాత్రమే పట్టుకొని భద్రపరచాలి. నాణెం స్థితిని 70 పాయింట్ల కొలమానంపై నిర్ణయించి ముద్రవేసే గ్రేడింగ్ సంస్థలున్నాయి; మామూలు బులియన్ నాణేనికి ఆ రుసుము కట్టడం వెండికన్నా ప్లాస్టిక్‌పై ఎక్కువ ఖర్చు పెట్టడమే అవుతుంది.

ఈ నాణేలు కొనే తెలుగువారి పరిస్థితి వారు నివసించే దేశాన్ని బట్టి మారుతుంది. సింగపూరు 2012 అక్టోబరు నుంచి, నిర్ణీత స్వచ్ఛత గల పెట్టుబడి లోహాలకు, నిర్దిష్ట జాబితాలోని నాణేలకు వస్తుసేవల పన్ను మినహాయించింది, ఆస్ట్రేలియాలో 99.9 శాతం వెండికి అటువంటి వెసులుబాటే ఉంది. బ్రిటన్‌లో వెండి నాణేలపై 20 శాతం పన్ను పడుతుంది. సింగపూరు, పెర్త్, మెల్‌బోర్న్ నగరాల్లో ఉన్నవారు చైనా సంతతి కొనుగోలుదార్ల మధ్యనే ఉంటారు కాబట్టి, అవసరమైనప్పుడు కథ ధర కూడా కొంత రాబట్టుకోగలరు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవారి లెక్క వేరు. ఉదాహరణకు 100 రూపాయల వెండి గల నాణెం విదేశీ దుకాణంలో 120కి దొరికిందనుకుంటే, 2024 జులై బడ్జెట్‌లో 15 నుంచి తగ్గించిన 6 శాతం సుంకం, దానిపై 3 శాతం జీఎస్టీ కలిసి, రవాణా, బీమా ఖర్చులు చేరకముందే అది 131 అవుతుంది. స్థానిక విపణిలో వెండి ధరలోనూ సుంకం కలిసి ఉంటుంది కనుక లోహపు విలువ 106 అనుకోవచ్చు. కంసాలి దగ్గరకో షరాబు దగ్గరకో తీసుకెళితే ఆయన డ్రాగన్‌ను చూడడు, ఫీనిక్స్‌ను చూడడు, గీటు పెట్టి తూకం వేసి తరుగు తీసి డబ్బిస్తాడు. అంటే వెండి ధర దాదాపు నాలుగో వంతు పెరిగితేగాని కొన్నవారికి అసలు రాదు. వరలక్ష్మీ వ్రతానికి కొనే లక్ష్మీ రూపు విషయంలోనూ మజూరీ ఇలాగే పోతుంది, అయితే అక్కడ కొన్నది భక్తికోసమని కుటుంబానికి తెలుసు. విదేశం నుంచి తెప్పించేవారు కస్టమ్స్ నిబంధనలనూ, వెండి దిగుమతులపై ఆనాటికి అమల్లో ఉన్న ఆంక్షలనూ ముందే విచారించుకోవాలి. 24 నెలలు దాటి ఉంచుకొని అమ్మితే లాభంపై 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన పన్ను వర్తిస్తుంది కనుక కొనుగోలు రసీదు దాచుకోవడం తప్పనిసరి.

వెండిలో పెట్టుబడే లక్ష్యమైన భారతదేశపు పొదుపరికి హాల్‌మార్కు ఉన్న స్థానిక వెండి కడ్డీయో, వెండి ఈటీఎఫ్‌యో మేలు. పురాణ చిత్రాల నాణేలు ఆ పని చేయవు. వాటిని కొనదలచినవారు ఏడాదికి ఒకటి రెండు, తమకు కథ తెలిసిన జీవి బొమ్మ ఉన్నవి, ముద్రణ సంఖ్య ప్రకటించినవి, లోహపు ధరపై అదనం 20 శాతం మించనివి చూసి కొనాలి; ఆ అదనాన్ని పుస్తకానికి పెట్టిన ఖర్చుగా అప్పుడే రాసేసుకోవాలి. కొన్న ప్రతి నాణేనికీ రసీదు, తూకం, సంవత్సరం, బొమ్మ వైపు ముఖం ఎవరిదో ఒక నోటుపుస్తకంలో నమోదుచేసి, ఆ పుస్తకం ఎక్కడుందో ఇంట్లో మరొకరికి చెప్పి ఉంచాలి.